నిశ్చితార్థం ఉంగరాన్ని వెనక్కి తిప్పి చూసి కొనండి

కొండ మీదికి వెళ్లే బస్సులో మా తమ్ముడు ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. ఘాట్ రోడ్డు సంగతి తెలిసిందే కదా, మలుపు వచ్చినప్పుడల్లా కమ్మీని బిగించి పట్టుకోవాలి, దాటాక వదలాలి. అలా ఎన్ని మలుపులు దాటామో, ఉన్నట్టుండి వాడి వేలి కింద ఏదో గుచ్చుకుంది. చూస్తే నిశ్చితార్థం ఉంగరం అరచేతి వైపు తెగి, రెండు కొనలూ విడిపోయి ఉన్నాయి. "అక్కా, పుటుక్కుమనింది" అని చెయ్యి చాపాడు. పక్కనున్న అమ్మ ముఖం అప్పటికే మాడిపోయింది. "ఏందిరా నాయనా, పెళ్లయి నాలుగు నెలలు కాలేదు, ఇదేం శకునం" అని మొదలుపెట్టింది. దర్శనం క్యూలో ఉన్నంతసేపూ ఆమెకు అదే టెన్షన్.

మరుసటి రోజు తిరుపతి గాంధీ రోడ్డు వెనక సందులో, మా ఇంటికి ఎప్పటి నుంచో తెలిసిన కంసాలి ఆచారిగారి దగ్గరికి వెళ్లాం. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని తెగిన చోటు చాలాసేపు చూశారు. తర్వాత గేజ్ పెట్టి కొలిచారు. వేలి మీద కనిపించే ముఖం తొమ్మిది మిల్లీమీటర్ల వెడల్పు. అరచేతి వైపు మందం 0.7 మిల్లీమీటర్లు. "శకునం కాదమ్మా, ఇదీ కారణం" అని భూతద్దం నా చేతికిచ్చారు. తెగిన అంచు నున్నగా లేదు, చక్కెర పలుకులా గరుగ్గా ఉంది. మధ్యలో సూదిమొనంత గుంతలు రెండు. నిశ్చితార్థానికి ముందురోజు సాయంత్రం దుకాణంలో సైజు పెంచడానికి కోసి, చిన్న ముక్క పెట్టి అతికించారు. తెగింది సరిగ్గా ఆ అతుకు దగ్గరే.

ఎముక విరిగితే మనకు పుత్తూరు కట్టు ఉంది. ఉంగరానికి అలాంటి దారి లేదు, కొనేటప్పుడే చూసుకోవాలి. ఆరోజు ఆచారిగారు చెప్పినవీ, ఆ తర్వాత మా ఇంట్లో ఇంకో రెండు ఉంగరాలు కొనేటప్పుడు నేను నేర్చుకున్నవీ కలిపి రాస్తున్నాను.

ఎందుకు తెగుతుందో ముందు తెలుసుకోండి

స్వచ్ఛమైన బంగారం మెత్తన. అందుకే వెండి, రాగి లాంటివి కలుపుతారు. 22 క్యారెట్లంటే నూటికి 91.6 పాళ్లు బంగారం. 18 క్యారెట్లంటే 75 పాళ్లు, 14 క్యారెట్లంటే 58.5 పాళ్లు. కలిపేది పెరిగేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది. 22 క్యారెట్ల ఉంగరం బాగా పల్చగా ఉంటే, బకెట్ పట్టుకున్న ప్రతిసారీ కంటికి కనిపించనంత వంగి మళ్లీ వెనక్కి వస్తుంది. ఇనుప తీగను ఒకేచోట అటూ ఇటూ వంచుతూ పోతే ఏమవుతుందో ఉంగరానికీ అదే అవుతుంది. వంగిన చోట లోహం బిరుసెక్కి, సన్నటి చీలిక పుట్టి, ఒకరోజు తెగుతుంది. మనకు ఆ ఒక్కరోజే కనిపిస్తుంది. పని మాత్రం నెలల తరబడి జరుగుతూనే ఉంటుంది.

ఉంగరంలో నలిగేది వెనక భాగం. చేత్తో ఏది పట్టుకున్నా ఒత్తిడి అంతా అరచేతి వైపే పడుతుంది, అరుగుదలా అక్కడే. కానీ మన కళ్లు ముఖం మీద ఉంటాయి. పది గ్రాములు లక్ష రూపాయలు దాటాక దుకాణాలూ మన కళ్లకు తగ్గట్టే చేస్తున్నాయి. తక్కువ గ్రాముల్లో పెద్దగా కనిపించాలంటే వెనక తగ్గించాలి, లేదా లోపల డొల్ల చేయాలి. వెంకన్న బొమ్మ ఉన్న ఉంగరాలు మన ఊళ్లో ఎన్నో చూస్తాం. చాలావాటిలో బంగారమంతా స్వామి కిరీటంలోనే ఉంటుంది, వెనక పట్టీ మాత్రం రేకులా ఉంటుంది.

మూడోది అతుకు. అతికించడానికి వాడే టంకం ఉంగరం కంటే తక్కువ వేడికే కరగాలి, లేకపోతే ఉంగరమే కరిగిపోతుంది. అందుకని దాని కలయిక వేరుగా ఉంటుంది. శుభ్రంగా, నిండుగా అతికిస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. హడావిడిలో పైపైన అతికిస్తే లోపల ఖాళీ ఉండిపోతుంది. పోతపోసిన ఉంగరాల్లో గాలి బుడగలు చిక్కుకుని చిన్న గుంతలు పడటం కూడా ఇలాంటిదే.

ఇక మొదలుపెడదాం.

మొదటి పని: పెట్టుకునేవాళ్ల చేతిని చూడండి

డిజైన్ చూడకముందు ఆ చేయి రోజంతా ఏం చేస్తుందో ఆలోచించండి. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే అబ్బాయి ఉంగరం, మామిడి తోటలో పెట్టెలు మోసే అబ్బాయి ఉంగరం ఒకేలా ఉండకూడదు. నర్సు ఉద్యోగం చేసే అమ్మాయి రోజుకు ఎన్నిసార్లు గ్లౌజులు తొడిగి తీస్తుందో! ఎత్తుగా లేచిన రాయి ఆమెకు ప్రతిసారీ తట్టుకుంటుంది. అలాంటివాళ్లకు రాయి ఉంగరంలోకి దిగి, చుట్టూ బంగారం అంచు కట్టినట్టుండే అమరిక మేలు.

మెకానిక్‌లు, లారీ ఎక్కి దిగేవాళ్లు, మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లు ఎంత గట్టి ఉంగరమైనా పనిలో పెట్టుకోవద్దు. ఉంగరం ఎక్కడైనా తగులుకుంటే వేలి చర్మాన్నే లాగేస్తుంది. అక్కడ ఉంగరం తెగకపోవడమే ప్రమాదం.

రెండో పని: క్యారెట్ ఎంచుకోండి

ఇక్కడ ఇంట్లో గొడవ మొదలవుతుంది. "22 కాకపోతే అది బంగారమే కాదు" అనే పెద్దమ్మలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. రాయి లేని సాదా ఉంగరం మందంగా ఉంటే 22 క్యారెట్లు బాగానే నిలుస్తుంది. మన తాతల ఉంగరాలు ఇప్పటికీ ఉన్నాయంటే కారణం అదే, అప్పట్లో బరువుకు వెనకాడలేదు. రాయి ఉంటే మాత్రం 18 క్యారెట్లే అడగండి. రాయిని పట్టుకునే కాళ్లు సన్నగా ఉంటాయి. ఆ సన్నదనంలో 22 క్యారెట్లు మెత్తబడి, కాళ్లు విచ్చుకుని, రాయి ఎక్కడ పడిపోయిందో కూడా తెలియదు. వజ్రాల ఉంగరాలు ఎక్కువగా 18లోనే ఎందుకు చేస్తారంటే ఇందుకే.

రేపు మార్చుకుంటే విలువ తగ్గుతుంది కదా అంటారు. తగ్గేది మీరు కొనని బంగారానికే. 18 క్యారెట్లకు కట్టిన ధర కూడా 22 కంటే తక్కువే కదా.

తెల్లబంగారం ఇష్టపడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. పైన ఉండే మెరుపు రోడియం పూత. అది అరుగుతుంది, మళ్లీ వేయించాలి.

మూడో పని: గ్రాములు కాదు, మందం అడగండి

ఈ మొత్తంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటాననుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి. దుకాణంలో అందరం "ఎన్ని గ్రాములు?" అని అడుగుతాం. అడగాల్సింది "వెనక ఎంత మందం?" అని. రోజూ పెట్టుకునే ఉంగరానికి అరచేతి వైపు కనీసం ఒకటిన్నర మిల్లీమీటరు ఉండాలి. వెనక వెడల్పు రెండు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గేజ్ ప్రతి దుకాణంలోనూ ఉంటుంది, మొహమాటం లేకుండా కొలిచి చూపించమనండి. ఒకటి కంటే తక్కువ వస్తే ఆ ఉంగరం నిశ్చితార్థం ఫొటోలకు సరిపోతుంది, చేతికి కాదు.

మందానికి అంత ప్రాధాన్యం ఎందుకంటే, పట్టీ వెడల్పు రెట్టింపు చేస్తే వంగకుండా ఆపే బిగువు రెట్టింపే అవుతుంది. మందం రెట్టింపు చేస్తే ఆ బిగువు ఎనిమిది రెట్లవుతుంది. అందుకే బడ్జెట్ తక్కువైతే వెడల్పు తగ్గించండి, మందం తగ్గించకండి.

లెక్క వేసి చూడండి. లోపలి వ్యాసం 17 మిల్లీమీటర్లున్న ఉంగరం, వెడల్పు మూడు, మందం ఒకటిన్నర, పైన గుండ్రంగా లోపల చదునుగా ఉండే తరహా, 22 క్యారెట్లలో దాదాపు నాలుగు గ్రాములు వస్తుంది. అంటే మన లెక్కలో అర సవర. అదే మందంతో వెడల్పు రెండుంపావు చేస్తే మూడు గ్రాముల లోపే వస్తుంది. మా తమ్ముడి ఉంగరం 2.8 గ్రాములు. అంటే ఇంచుమించు అదే బంగారంతో సన్నగా, మందంగా ఉండే గట్టి ఉంగరం వచ్చుండేది. మేం ముఖం చూసి మురిసిపోయాం.

డొల్ల ఉంగరాన్ని గుర్తుపట్టడం తేలిక. సైజుకు తగ్గ బరువు చేతికి తెలియదు. లోపలి వైపు తిప్పి చూస్తే గుంత గానీ, రేకు మూసిన గీత గానీ కనిపిస్తుంది. డొల్లది నొక్కుపడితే సరిచేయడం కష్టం. లోపల పేర్లు చెక్కించాలనుకున్నా మందం కావాలి. సన్నటి ఉంగరంలో లోతుగా చెక్కితే తెగడానికి మనమే గాటు పెట్టి ఇచ్చినట్టు. అంతగా కావాలంటే పైపైన లేజర్‌తో రాయించండి.

నాలుగో పని: సైజు ముందే తేల్చుకోండి

ఉంగరం తెగడానికి, నిశ్చితార్థం హడావిడికి దగ్గరి చుట్టరికం ఉంది. కనీసం మూడు వారాల ముందు కొనండి. అక్షయ తృతీయ రోజు, ముహూర్తాల సీజన్లో దుకాణంలో ఊపిరాడదు, సైజు పనులు గంటల్లో చేసి పంపిస్తారు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి సేల్స్‌మన్‌కు మన మాట వినే తీరిక ఉంటుంది, మజూరీలో బేరమూ కుదురుతుంది.

అమ్మాయికి తెలియకుండా కొనాలనుకుంటే దారంతో కొలవకండి. దారం సాగుతుంది, ముడి దగ్గర తేడా వస్తుంది. ఆమె అదే చేతికి, అదే వేలికి పెట్టుకునే ఉంగరం ఒకటి వాళ్ల అమ్మనో వదిననో అడిగి తెప్పించుకోండి. నేరుగా కొలిచే వీలుంటే మధ్యాహ్నం దాటాక కొలవండి. మన ఎండలకు వేళ్లు కాస్త ఉబ్బుతాయి, ఉదయం సరిపోయింది సాయంత్రానికి బిగుస్తుంది. కణుపు మీద కొంచెం తడబడుతూ దిగి, దిగాక చర్మం నొక్కకుండా ఉంటే అదే సరైన సైజు. వెడల్పైన ఉంగరం అదే నంబరులో ఇంకాస్త బిగుతుగా అనిపిస్తుంది.

సైజు తేడా వస్తే ఎలా మారుస్తారో అడగండి. సాగదీస్తే వెనక ఇంకా పల్చబడుతుంది. చాలా చిన్న తేడాకైతే సరే. అంతకు మించితే కోసి ముక్క వేయాలి, ఆ ముక్క పక్కనున్న పట్టీ అంత మందంగా ఉండాలి. చుట్టూ రాళ్లు పొదిగిన ఉంగరానికి సైజు మార్చడం దాదాపు కుదరదు, కాబట్టి సైజు ఖాయం కాకుండా దాని జోలికి పోవద్దు. ఇంకోటి, చిత్తూరు వాళ్లు వేలూరుకో చెన్నైకో వెళ్లి కొంటే డిజైన్లు ఎక్కువే దొరుకుతాయి, కానీ సైజు మార్చడానికి మళ్లీ అంత దూరం తిరగాలి. నిశ్చితార్థం ఉంగరం వరకైనా మన ఊరి బజారు వీధిలోనే చూసుకోవడం సుఖం.

ఐదో పని: దుకాణంలో చేతిలోకి తీసుకుని పరీక్షించండి

వెల్వెట్ ట్రేలో లైట్ల కింద ఏ ఉంగరమైనా బాగుంటుంది. బయటికి తీసి, వెనక్కి తిప్పి, భూతద్దం అడగండి. ఇవ్వడానికి సణిగితే లేచి రావచ్చు. అరచేతి వైపు లోపలా బయటా ఒక చుట్టు చూడండి. రంగు కాస్త మారిన సన్నటి గీత కనిపిస్తే అది అతుకు. అతుకు ఉండటం తప్పు కాదు. గీత మీద గుంతలున్నా, అక్కడ పట్టీ నొక్కుకుపోయి సన్నబడినా తీసుకోవద్దు.

రాయి ఉంటే ఉంగరాన్ని చెవి దగ్గర పెట్టి వేలితో తట్టండి. గలగలమంటే రాయి వదులుగా ఉన్నట్టు. చీర కొంగు గానీ కర్చీఫ్ గానీ రాయి మీదుగా మెల్లగా లాగండి. పోగు తగులుకుంటే ఏదో ఒక కాలు లేచి ఉంది. రాయికి నాలుగు కాళ్ల కంటే ఆరు కాళ్లు భరోసా, ఒకటి అరిగినా మిగతావి పట్టుకుంటాయి.

ఆచారిగారు ఇంకోటి చూపించారు. రాయి లేని ఉంగరాన్ని దారానికి వేలాడదీసి చిన్న పుల్లతో తట్టారు. బాగున్నది సన్నగా మోగింది. చీలిక ఉన్నది 'టక్' మని ఆగిపోయింది. ఇది మనకు వెంటనే పట్టుబడే విద్య కాదు, నేను మూడుసార్లు విన్నా రెండుసార్లు తప్పే చెప్పాను.

ఇక హాల్‌మార్క్. లోపలి వైపు మూడు గుర్తులుండాలి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) త్రిభుజం గుర్తు, 22కె916 లేదా 18కె750 లాంటి స్వచ్ఛత అంకె, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ, అంటే ఆ ఒక్క నగకే ఇచ్చే గుర్తింపు సంఖ్య. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ ఆరూ కొడితే నగ రకం, స్వచ్ఛత, పరీక్షించిన కేంద్రం వివరాలు వస్తాయి. చేతిలో ఉంగరం ఉండి యాప్‌లో కమ్మలని వస్తే ఎందుకో అడగండి. రెండు గ్రాములకు లోపు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, అది కూడా బాగా సన్నటి ఉంగరాల జోలికి వెళ్లకపోవడానికి ఇంకో కారణం.

అయితే ఒక పొరపాటు పడకండి. హాల్‌మార్క్ చెప్పేది బంగారం ఎంత స్వచ్ఛమో, అంతే. ఉంగరం గట్టిదా కాదా అనేది దాని పని కాదు. మా తమ్ముడి ఉంగరానికి మూడు గుర్తులూ చక్కగా ఉన్నాయి. అలాగే ఇప్పటికీ కొందరు "కేడీఎం బంగారమేనా?" అని గర్వంగా అడుగుతారు. కేడీఎం అంటే అతుకులో కాడ్మియం వాడిన నగ. ఆ పొగ పనివాళ్ల ఆరోగ్యానికి చేటు, అందుకే హాల్‌మార్క్ నగల్లో దాన్ని ఒప్పుకోరు.

ఆరో పని: బిల్లు చదవండి

మొత్తం బరువు, రాళ్ల బరువు, నికర బంగారం బరువు వేర్వేరుగా ఉండాలి. రాయిని కూడా బంగారం ధరకు కట్టేసిన బిల్లులు నేను చూశాను. తరుగు, మజూరీ ఎంతో విడిగా రాయించండి, జీఎస్టీ 3 శాతం. సైజు మార్పు ఉచితమా, ఎన్నిసార్లు, రాయి ఊడితే ఎవరి బాధ్యత అన్నది నోటిమాటగా వదిలేయకుండా బిల్లు వెనకైనా రాయించుకోండి. మా దగ్గర ఆ కాగితం ఉండుంటే తెగిన ఉంగరంతో దుకాణానికి వెళ్లినప్పుడు "మీరే దేనికో కొట్టుకుని ఉంటారు" అనే మాట పడాల్సి వచ్చేది కాదు.

ఏడో పని: పెట్టుకున్నాక

గ్యాస్ సిలిండర్ జరిపేటప్పుడు, నీళ్ల బిందె ఎత్తేటప్పుడు, జిమ్‌లో బరువులు పట్టేటప్పుడు తీసి పక్కన పెట్టండి. బ్లీచింగ్ పౌడర్‌తో బాత్రూం కడిగేటప్పుడు కచ్చితంగా తీయండి. క్లోరిన్ బంగారంలో కలిపిన లోహాలను తింటుంది, తక్కువ క్యారెట్ ఉంగరాల్లో అతుకులు, కాళ్లు దానివల్ల పెళుసవుతాయి. పాదరసం ఇంకా మోసకారి. పాత థర్మామీటర్ పగిలితే ఆ బొట్లను ఉంగరం ఉన్న చేత్తో ముట్టుకోకండి, బంగారం దాన్ని పీల్చుకుని తెల్లబడి పెళుసైపోతుంది.

పక్కపక్క వేళ్లకు రెండు ఉంగరాలు పెడితే ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. వాటిలో ఒకదానికి వజ్రం ఉంటే రెండోది ఓడిపోవడం ఖాయం. ఏడాదికోసారి ఆచారి దగ్గర కాళ్లు, వెనక మందం చూపించుకుంటే చాలు.

తెగితే ఏం చేయాలి

ముక్కలన్నీ ఏరి చిన్న డబ్బాలో వేయండి. ఫెవిక్విక్‌తో అతికించే ప్రయత్నం మాత్రం చేయకండి. తర్వాత పనివాడు ఆ జిగురు కాల్చి గీకి తీయాలి. పగడం, ముత్యం, పచ్చ ఉన్న ఉంగరాన్ని మంట మీద అతికించనివ్వకండి, రాయి తీసి చేయమనండి లేదా లేజర్ వెల్డింగ్ ఉన్నచోటికి వెళ్లండి. ఇచ్చేముందు మీ ఎదుటే తూకం వేయించి, చీటీ రాయించుకోండి.

ఒకసారి తెగితే అతికించవచ్చు. వెనక మొత్తం పల్చబడి ఉంటే అతికించినా పక్కన తెగుతుంది. అప్పుడు వెనక సగం కోసేసి కొత్త పట్టీ వేయించడమే దారి. హాల్‌మార్క్ గుర్తులు ఆ కోసే సగంలో ఉంటే పోతాయి, ముందే చూసుకోండి. రెండోసారీ తెగితే కరిగించి కొత్తది చేయించుకోవడం నయం.

మా ఉంగరానికి ఆచారిగారు వెనక సగం మార్చారు. అమ్మ జత పోయిన పాత కమ్మ ఒకటి బీరువాలోంచి తీసిచ్చింది. అది కరిగించి పట్టీ లాగారు, వెనక ఇప్పుడు 1.6 మిల్లీమీటర్లు. తూకంలో పెడితే నాలుగు గ్రాముల చిల్లర చూపించింది. తమ్ముడు తొడుక్కుని పిడికిలి రెండుసార్లు బిగించి చూశాడు. "బరువుగా ఉందక్కా" అన్నాడు. "ఉండనీలేరా" అంది అమ్మ.